మత్తు ప్రభావంతో పుట్టిన బిడ్డ: మార్కుల పట్టికా, అమ్మ ఒడా?

విశాఖలో నవజాత శిశువుల వార్డు నర్సుగా అలాంటి ఓ పసికందును చూశాను. పుట్టిన మూడో రోజు. పిడికిళ్లు బిగుసుకుపోయి, గడ్డం అదురుతూ, పాలు పట్టబోతే సన్నగా కీచుమని ఏడుపు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు వాడిన ఓపియాయిడ్ మందు (నల్లమందు తరహా మత్తుమందు) పుట్టగానే బిడ్డకు ఒక్కసారిగా ఆగిపోవడమే కారణం.

ఇలాంటి బిడ్డకు మందు ఇవ్వాలా వద్దా అని తేల్చే పాత పద్ధతి 1975లో వచ్చిన ఫినెగన్ స్కోరు. తుమ్ములు, ఆవలింతలు, చెమట, వణుకు అన్నింటికీ మార్కులు. అవి పెరిగితే బిడ్డకు మార్ఫిన్ (అదీ ఓపియాయిడే, మెల్లగా మాన్పించడానికి). తీవ్రత అంకెల్లో తెలుస్తుంది, అంతవరకు మంచిదే.

కొత్త పద్ధతి, ‘ఈట్, స్లీప్, కన్సోల్’, మూడే అడుగుతుంది: పాలు తాగుతోందా, గంటైనా నిద్రపోతోందా, పది నిమిషాల్లో ఊరుకుంటోందా? మసక వెలుతురు, మెత్తటి గుడ్డ, అమ్మ గుండెకు ఆనించుకోవడం. మందు ఆ తర్వాతే. అమెరికాలో 26 ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, బిడ్డ ఇంటికెళ్లే స్థితికి చేరడానికి సగటున 15 రోజులు పట్టేది 8కి తగ్గింది. మందు అవసరమైన పిల్లలు 52 శాతం నుంచి 20 శాతానికి దిగారు.

నా ఓటు రెండోదానికే. కాకపోతే రాత్రంతా ఎత్తుకునే చేతులుండాలి. మన దగ్గర అమ్మమ్మలున్నారు కదా, వాళ్లను వార్డు గేటు దగ్గరే ఆపేయకూడదు. ఫిట్స్ వస్తే మాత్రం ఏ పద్ధతైనా వెంటనే డాక్టరు చూడాల్సిందే. ఆ తల్లిని దయచేసి ఎవరూ తిట్టొద్దు. భయపడి ఆమె రావడం మానేస్తే బిడ్డకు ఆ ఒడి కూడా దక్కదు.