ఒక్క రాత్రి కలయికా, పూర్తి టూరా?

విడిపోయిన పాత రాక్ బ్యాండ్ మళ్లీ కలవాలంటే దారులు రెండు.

ఖర్చు: ఒక్క షో అయితే రిహార్సల్, లైట్లు, సిబ్బంది ఖర్చంతా ఆ రాత్రి మీదే పడుతుంది. టూర్‌లో అదే పదుల షోలకు సర్దుకుంటుంది.

శ్రమ: 2005 జులై 2న లండన్ హైడ్ పార్క్‌లో ఒక్క రాత్రికి కలిసిన పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ వాయించింది అరగంట లోపే. ‘ది పోలీస్’ బ్యాండ్ మళ్లీ కలిసి చేసిన టూర్ 2007 మే నుంచి 2008 ఆగస్టు దాకా సాగింది.

గొంతు: అసలు చిక్కు ఇక్కడే. ఒక్క రాత్రికి పాత శ్రుతిలోనే లాగేయొచ్చు. వారానికి మూడు షోలంటే అర స్వరమో, ఒక స్వరమో దించక తప్పదు. అప్పుడు గిటార్ తీగలు సడలి గరగరమంటాయి. కాస్త మందం తీగలు వేయాలి.

రిస్కు: ఒక్క షో చెడితే దిద్దుకోవడానికి రెండో రాత్రి ఉండదు. గిటారిస్ట్ జిమ్మీ పేజ్ వేలు విరిగి 2007 నవంబర్‌లో జరగాల్సిన లెడ్ జెపెలిన్ బ్యాండ్ కలయిక షో డిసెంబర్ 10కి వెళ్లింది. టూర్‌లో గండం పాత తగవులే. 1994లో మళ్లీ కలిసిన ఈగల్స్ బ్యాండ్ వాళ్లు 2001లో తమ గిటారిస్ట్ డాన్ ఫెల్డర్‌ను తీసేశారు, వ్యవహారం కోర్టుకెక్కింది. వాటాలు ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

మాటలే సరిగా లేనివాళ్లకు ఒక్క రాత్రి చాలు. డ్రమ్మర్‌కి రెండు గంటల ఓపిక, అందరికీ ఒకే మేనేజర్ మీద నమ్మకం ఉంటే టూర్. కొత్త ఆల్బమ్ ఊసు మాత్రం అప్పుడే ఎత్తకపోవడం నయం.