"అన్ని డ్రిల్లులకూ సరిపోతుంది" అని అమ్మే బిట్ల సెట్లతో జాగ్రత్త

గోడకు కన్నాలు వేసే బిట్లు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు, పేజీలో "అన్ని డ్రిల్ మిషన్లకూ సరిపోతుంది" అని కనిపిస్తే వెంటనే ఆర్డర్ పెట్టకండి. అలాంటి బిట్టు అసలు లేదు. నాకు ఆ మాట చెప్పే అంటగట్టారు, ఫొటోలన్నీ మొన వైపు నుంచి తీసినవే, మిషన్‌లో దూరే వెనక కాడ ఒక్కదాంట్లోనూ కనపడదు. తీరా వచ్చాక చూస్తే అన్నీ ఎస్‌డీఎస్ ప్లస్, అంటే రోటరీ హ్యామర్‌లో (సుత్తిలా కొడుతూ తొలిచే మిషన్) పెట్టే గాడుల కాడవి. నాది ఇళ్లలో మామూలుగా ఉండే 13 ఎంఎం చక్ (బిట్టును బిగించి పట్టే మూతి) మిషన్.

ఎస్‌డీఎస్ ప్లస్ కాడ మందం 10 ఎంఎం, కాబట్టి 13 చక్‌లోకి చక్కగా దూరిపోతుంది, చిక్కంతా అక్కడే. ఆ కాడ మీద నాలుగు గాడులుంటాయి, అవి రోటరీ హ్యామర్ లోపల బిట్టు ఊడిపోకుండా, అదే సమయంలో ముందుకీ వెనక్కీ ఆడేలా పట్టుకోవడానికి పెట్టినవి. మామూలు చక్‌లోని మూడు పళ్లకు ఆ గాడుల మీద పట్టు సరిగ్గా దొరకదు. కీ పెట్టి ఎంత బిగించినా మొన వణుకుతూనే ఉంది, కన్నం వెడల్పైపోయి, స్క్రూ కోసం అందులో పెట్టే ప్లాస్టిక్ ప్లగ్గు వేలితో తోస్తే జారిపోయింది. ఇంకాస్త నొక్కితే బిట్టు చక్‌లోనే గిర్రున తిరుగుతుంది, చక్ పళ్లు పాడవుతాయి.

పైగా ఫ్రీ అంటూ ఒక అడాప్టర్ వేశారు. దాని తోక ఎస్‌డీఎస్, తల మామూలు చక్, అంటే రోటరీ హ్యామర్ ఉన్నవాళ్లు గుండ్రటి కాడ బిట్టు పెట్టుకోవడానికి. నా అవసరానికి పూర్తిగా తలకిందులు! అది పనికొచ్చేవాళ్లు కూడా చెక్కకీ ఇనుముకీ మాత్రమే వాడండి, హ్యామర్ మోడ్ మాత్రం ఆన్ చేయొద్దు, ఆ దెబ్బలకు చక్ వదులైపోతుంది.

స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే పావు అంగుళం ఆరు పలకల కాడే కావాలి, గుండ్రటిది పట్టదు. ఆరు పలకలది మామూలు చక్‌లో బాగానే కూర్చుంటుంది. ఎస్‌డీఎస్ మ్యాక్స్ అయితే 18 ఎంఎం, పెద్ద మిషన్లది, ప్లస్ మిషన్‌లో దూరదు.

రిటర్న్ అడిగితే "సీల్ తీశారు కాబట్టి కుదరదు" అన్నారు. సీల్ తీయకుండా కాడ ఎలా చూడాలో మరి! మీరు మాత్రం డబ్బు కట్టకముందే కాడ ఫొటో అడగండి, మీ మిషన్ ఏదో చెప్పి సరిపోతుందని చాట్‌లోనే రాయించుకోండి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఫొటో పంపకుండా నసిగితే ఆ సెట్టు వదిలేయండి.