బండ కింద వేలు నలిగితే: నాటు కట్టా, ఎక్స్‌రేనా?

తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల్లో, యర్రగుంట్ల నాపరాయి గనుల్లో బండ దించేటప్పుడు వేళ్లు నలుగుతూనే ఉంటాయి. ఏ దారి పట్టినా ముందు ఉంగరం తీసేయండి, వాచాక రాదు. గుడ్డలో చుట్టిన ఐసు 10 నిమిషాలు పెట్టి, చెయ్యి గుండెకంటే ఎత్తులో ఉంచండి.

ఖర్చు: కట్టు చవక. సర్వజన ఆసుపత్రిలో ఎక్స్‌రే ఉచితం.

శ్రమ: కట్టు ఊర్లోనే అయిపోతుంది. ఆసుపత్రికి పోతే ఒక రోజు కూలి పోతుంది.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. నలిగిన వేలు గంటల తరబడి వాస్తూనే ఉంటుంది. వెదురుబద్దలు బిగించి కడితే వాపుకు చోటుండదు, రక్తం ఆడదు. కొన చల్లబడి, రంగు మారి, గిల్లినా తెలియకపోతే కట్టు అప్పటికప్పుడే విప్పాలి. చర్మం తెగి లోపల ఎముక విరిగినప్పుడు పసరు పోస్తే చీము ఎముకదాకా పోతుంది. ఆసుపత్రిలో గాయం కడిగి, టీటీ వేసి, కొన ఎముక విరిగితే ఆ కొన కణుపుకు మాత్రం సుమారు 3 వారాలు స్ప్లింట్ (కదలకుండా పట్టే బద్ద) వేస్తారు. మిగతా కణుపులు రోజూ ఆడించాలి, లేకుంటే బిగుసుకుపోతాయి.

చర్మం తెగక, వేలు నిటారుగా ఉండి, పూర్తిగా ముడుచుకుంటుంటే రెండూ అక్కర్లేదు, ఐసు చాలు. 2 రోజులకూ నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే. వంకరైనా, తెగినా, గోరు లేచినా, తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రి. కట్టే కావాలంటే చర్మం తెగనప్పుడు, అదీ ఎక్స్‌రే చూశాకే. నల్లబడిన గోరు ఊడితే భయపడకండి, సుమారు 6 నెలల్లో కొత్తది వస్తుంది.