ఖడ్గ తిక్కనా, కాటమరాజా: సేనానిగా ఎవరు మేలు?

మా నాన్నది కనిగిరి వైపు, అమ్మది నెల్లూరు. అందుకే మా ఇంట్లో ఈ తగువు తెగదు. కొమ్ములవాళ్లు కాటమరాజు కథ పాడుతుంటే నాన్న మీసం మీదికి చెయ్యి పోతుంది. "మా తిక్కన లేకపోతే మీ కథకి పస ఏదీ?" అని అమ్మ అంటుంది. నా మాట ఇద్దరికీ నచ్చదు.

సంగతి 13వ శతాబ్దానిది. కరువొచ్చి గొల్లల నాయకుడు కాటమరాజు ఆవుల మందల్ని తోలుకుని నెల్లూరు రాజు మనుమసిద్ధి బీళ్లలోకి దిగాడు. పుల్లరి కింద, అంటే మేతకి కట్టే పన్ను కింద, కోడెదూడలు ఇవ్వాలని ఒప్పందం. తర్వాత చెడింది. రాజుగారి ఉంపుడుకత్తె చిలుకను గొల్లలు కొట్టారనీ, ఆమె ఆవుల్ని చంపించిందనీ కథ చెబుతుంది. కాటమరాజు పుల్లరి ఇవ్వనన్నాడు. రాజు తన సేనాని ఖడ్గ తిక్కనను పంపాడు. పాలేరు నది ఒడ్డున పంచలింగాల దగ్గర తలపడ్డారు.

కాటమరాజు వెంట ఉన్నది జీతగాళ్లు కాదు, అయినవాళ్లు. ఓడితే మంద పోతుంది, మంద పోతే కూడు పోతుంది. అలాంటి సేనకి ధైర్యం నూరిపోయక్కర్లేదు. పైగా బ్రాహ్మణుడైన బ్రహ్మరుద్రయ్యను గొల్లల పక్షాన ముందు నిలిపాడు. ఎవరిని ఎక్కడ ఉంచాలో తెలిసిన నాయకుడు. కానీ ఒక చిక్కుంది. వెనకాల అంత మంద ఉంటే వెనక్కి తగ్గే దారే ఉండదు. గెలవాలి, లేదా అక్కడే పోవాలి.

తిక్కనకి ఆ దారి ఉంది. పోరు రాజుది, పుల్లరి రాజుది. తనవాళ్లు చాలామంది పడిపోయారు. ఇక లాభం లేదనుకుని ఇంటికి తిరిగొచ్చాడు. నన్నడిగితే ఆయన చేసిన పనుల్లో సేనానికి తగ్గ పని ఇదే. ప్రాణం మిగిలితే బలగం మళ్లీ కూడుతుంది.

ఇల్లు మాత్రం అలా అనుకోలేదు. పెరట్లో భార్య చానమ్మ నులకమంచం అడ్డం పెట్టి, నీళ్ల దగ్గర పసుపు ముద్ద ఉంచింది. ఇదేంటంటే, ముగ్గురు ఆడవాళ్లమయ్యాం, సిగ్గెందుకు అంది. అన్నానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసింది. నువ్వు విరిగొచ్చావు, పశువులూ విరిగాయి, పాలూ విరిగాయి అంది. (మా ఇంట్లో పాలు విరిగితే అమ్మ ఇప్పటికీ "తిక్కన వచ్చాడా ఏంటి?" అంటుంది.) ఆ ఒక్క మాటలో ఎంత పదునుందో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తిక్కన మళ్లీ వెళ్లాడు. బ్రహ్మరుద్రయ్యా, ఆయనా ఒకరి చేతిలో ఒకరు పడిపోయారని చెబుతారు.

ఏది మేలంటే, ఒక్క రోజు పోరుకి నా ఓటు కాటమరాజుకే. మనిషిని ఎందుకు నిలబడుతున్నాడో తెలిసేలా నిలబెట్టాడు. నాలుగు నెలలు సాగే యుద్ధమైతే మాత్రం మొదటిరోజు సాయంత్రపు తిక్కనే కావాలి, మర్నాటి తిక్కన కాదు. మర్నాడు వెళ్లింది వీరుడు, సేనాని కాదు. రాజు కొలువులో దెబ్బతిని ఇంటికొచ్చిన మనిషిని వారం రోజులు ఎవరూ ఏమీ అనకుండా ఉండి ఉంటే, పాలేరు దగ్గర రెండో పోరు ఇంకోలా ఉండేదేమో. అమ్మ దీనికి ఒప్పుకోదు. "ఊరుకుంటే ఆయన్ని ఎవరు గుర్తుపెట్టుకునేవాళ్లు?" అంటుంది.