రియాకాంప్, రియాఈక్యూ, రియాఎఫ్ఐఆర్: ఐదేళ్ల వాడకం తర్వాత

ఈ మూడూ రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ప్లగిన్లు. రియాకాంప్ కంప్రెసర్, అంటే హద్దు దాటిన శబ్దాన్ని తగ్గించేది. రియాఈక్యూ ఈక్వలైజర్, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచేది, తగ్గించేది. రియాఎఫ్ఐఆర్ హోరు తీయడానికి పనికొచ్చేది. విండోస్‌లో వేరే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు రియాప్లగ్స్ పేరుతో ఉచితంగా దొరుకుతాయి. పైకి ఉత్త స్లైడర్లు, అంకెలే. వీటిలో ఎక్కువ విలువైనది రియాకాంప్.

దాని బలమంతా డిటెక్టర్‌లో, అంటే శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే భాగంలో ఉంది. మిక్స్ మొత్తం మీద పెట్టినప్పుడు కిక్ డ్రమ్ పడ్డ ప్రతిసారీ గొంతు కూడా కిందికి కుంగుతుంటే, డిటెక్టర్‌కు అడుగు ఫ్రీక్వెన్సీలు వినపడకుండా చేసే హైపాస్ స్లైడర్‌ను 100-150 హెర్ట్జ్ దాకా జరపండి. పాటలో బేస్ తగ్గదు, కంప్రెసర్ మాత్రమే ఆ బేస్‌ను పట్టించుకోవడం మానేస్తుంది. అది ఏం వింటోందో తెలియాలంటే ప్రివ్యూ ఫిల్టర్ టిక్ చేయాలి. తర్వాత టిక్ తీయడం మరిస్తే ఆ పలచటి శబ్దమే బయటికి వస్తుంది.

ఆర్ఎంఎస్ సైజ్ అంటే డిటెక్టర్ ఎంతసేపటి శబ్దానికి సగటు తీస్తుందో ఆ నిడివి. దాన్ని చాలామంది ముట్టుకోరు. బేస్ గిటార్ మీద దెబ్బతినేది ఇక్కడే. 50 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. సైజ్ 5 మిల్లీసెకన్ల దగ్గరుండి, అటాక్ (తగ్గించడానికి పట్టే సమయం), రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) రెండూ బాగా తక్కువైతే శబ్ద స్థాయి ప్రతి చుట్టులోనూ పైకీ కిందికీ కదిలి గరగర పుడుతుంది. సైజ్ 20-30, అటాక్ 20, రిలీజ్ 120 (అన్నీ మిల్లీసెకన్లే) పెడితే పోతుంది. స్నేర్ డ్రమ్‌కు దీనికి తిరగేసి: సైజ్ 0, దెబ్బ బయటపడేలా అటాక్ 10.

గొంతుకు రేషియో (హద్దు దాటిన శబ్దాన్ని ఎన్నో వంతుకు తగ్గించాలో) 3:1, గట్టిగా పాడిన చోట 4-6 డీబీ తగ్గేలా థ్రెషోల్డ్ (ఆ హద్దు). ఇంకా కావాలంటే రెండో రియాకాంప్ వేయండి, ఒక్కదాన్నే పిండితే ఊపిరి శబ్దాలు ముందుకు తోసుకొస్తాయి. తగ్గిన శబ్దాన్ని తనంతట తానే పెంచే ఆటో మేకప్‌ను ఆపేయాలి. శబ్దం పెరిగితే చెవికి బాగున్నట్టే ఉంటుంది, కాబట్టి కంప్రెస్ అయిన శబ్దాన్ని పెంచే, తగ్గించే వెట్ స్లైడర్‌తో ముందూ తర్వాతా స్థాయిలను సమానం చేసి, ప్లగిన్‌ను పక్కన పెట్టే బైపాస్ నొక్కుతూ పోల్చాలి. పక్కనున్న డ్రై స్లైడర్ పెంచితే అసలు శబ్దం కూడా కలిసి, ఇంకో ట్రాక్ లేకుండానే ప్యారలల్ కంప్రెషన్ అయిపోతుంది.

రియాఈక్యూలో ఎన్ని బ్యాండ్లయినా (విడివిడిగా సర్దుకునే ఫ్రీక్వెన్సీ భాగాలు) పెట్టుకోవచ్చు. బ్యాండ్ వెడల్పును చాలా ఈక్వలైజర్లలో ఉండే క్యూ అంకెలో కాదు, ఆక్టేవ్‌లలో చూపిస్తుంది. 1 ఆక్టేవ్ అంటే క్యూ దాదాపు 1.4. ఒకే డ్రమ్‌కు రెండు మైకులుంటే ఒకదానికే హైపాస్ వేయకండి. ఫేజ్ (తరంగాల వరస) మారి, రెండూ కలిసినప్పుడు అడుగు పలచబడుతుంది. రెండింటికీ ఒకటే వేయాలి, లేదా రెండూ కలిసే ట్రాక్ అయిన బస్ మీద వేయాలి.

రియాఎఫ్ఐఆర్‌ను నేను హోరు తీయడానికే వాడతాను. మోడ్ సబ్‌ట్రాక్ట్‌లో (తీసివేత) పెట్టి, హోరు నమూనా అయిన నాయిస్ ప్రొఫైల్ కట్టే టిక్ వేసి, హోరు మాత్రమే ఉన్న రెండు సెకన్లు ప్లే చేసి, పాట మొదలవకముందే టిక్ తీసేయాలి. ఆలస్యమైతే గొంతునే హోరు అనుకుని కోసేస్తుంది. ఎఫ్‌ఎఫ్‌టీ సైజ్ (ఒక్కసారికి విశ్లేషించే శాంపిళ్ల సంఖ్య) 4096 అయితే 44.1 కిలోహెర్ట్జ్‌లో అది సుమారు 93 మిల్లీసెకన్ల శబ్దం, వినడంలో ఆలస్యం తెస్తుంది కనుక రికార్డ్ చేసేటప్పుడు ఇది ట్రాక్ మీద ఉండకూడదు. ఫ్యాన్ హోరులా మారకుండా సాగే శబ్దానికే పనికొస్తుంది. తలుపు చప్పుడుకు, దగ్గుకు కాదు.