లెక్కలంటే ఇష్టం లేనివారికి ఓ-నెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ ఎంతవరకు ఉపయోగపడుతుంది?

గణితం కన్నా రాయడం, బొమ్మలు గీయడం, మనుషులతో కలిసి పనిచేయడం ఇష్టపడేవారు వృత్తిని ఎంచుకోవలసి వచ్చినప్పుడు నేను మొదట సూచించేది, అమెరికా కార్మిక శాఖ ఉచితంగా అందిస్తున్న 'మై నెక్స్ట్ మూవ్' వెబ్‌సైటులోని ఓ-నెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ అనే అభిరుచుల పరీక్ష. ఇందులోని 60 అంశాలలో బధిరులకు సంజ్ఞా భాష నేర్పడం, పుస్తకాలో నాటకాలో రాయడం, ఉద్యోగుల జీతాలు లెక్కకట్టడం వంటి పనులను ఒక్కొక్కటిగా చూపి, ఒక్కోటి ఎంత ఇష్టమో ఐదు స్థాయులలో గుర్తించమంటారు. చదువును, జీతాన్ని పక్కన పెట్టి జవాబివ్వమని ముందే చెప్పడం నాకు ఎంతో నచ్చింది. లెక్కలు రావన్న భయంతో తమ ఇష్టాలను కూడా అణచుకున్నవారికి ఆ వెసులుబాటు చాలా అవసరం.

జవాబులను బట్టి, అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఆధారంగా ఆరు రకాల అభిరుచులకు మార్కులు వస్తాయి. మన పాఠకులకు ముఖ్యమైనవి ఆర్టిస్టిక్ (కళలపై ఇష్టం), సోషల్ (మనుషులకు సాయపడే పనులపై ఇష్టం) అనే రెండు.

అయితే ఈ పరీక్ష కొలిచేది ఇష్టాన్నే తప్ప సామర్థ్యాన్ని కాదు. కళాభిరుచి ఉన్నవారిని ఆకర్షించే ఆర్కిటెక్చర్‌లో గణితం తప్పదు. మనుషులకు సాయపడాలనే కోరికతో సైకాలజీలో చేరినవారికి గణాంకశాస్త్రం ఎదురవుతుంది. ఈ సంగతి ఫలితాల పేజీలోనే స్పష్టంగా కనిపించేలా చేసి ఉంటే బాగుండేది. అందుకే సూచించిన వృత్తుల జాబితాతో ఆగిపోకుండా, దీనికి తోడుగా ఉన్న ఓ-నెట్ ఆన్‌లైన్ అనే వృత్తుల సమాచార వెబ్‌సైటులో ఒక్కో వృత్తి పేజీని తెరిచి, నైపుణ్యాల విభాగంలో గణితానికి ఎంత ప్రాధాన్యం ఇచ్చారో తప్పక చూడాలి. ఆ ప్రాధాన్యాన్ని 100కు లెక్కించి చూపుతారు. గణితం అనే నైపుణ్యాన్నే తెరిస్తే వృత్తులన్నీ అదే వరుసలో కనిపిస్తాయి కాబట్టి, జాబితా అడుగు నుంచి వెతుక్కోవచ్చు. నా దృష్టిలో అసలు పరీక్ష కన్నా ఈ సదుపాయమే విలువైనది, ఎందుకంటే వినడం, మాట్లాడటం, ఎదుటివారి మనసు గ్రహించడం వంటి వాటిని కూడా ఇక్కడ నైపుణ్యాలుగా గుర్తించి, గణితంతో సమానంగా కొలుస్తారు.

ఇందులోని జీతాలు, ఉద్యోగావకాశాల అంచనాలు అమెరికాకు సంబంధించినవి కనుక, ఇతర దేశాలవారు వాటిని వదిలేసి నైపుణ్యాల వివరాలను మాత్రమే తీసుకోవాలి.