తొలి రేసు సైకిల్‌గా ఎనిమిది స్పీడ్ అల్యూమినియం రోడ్ బైక్: రెండు సీజన్లు తొక్కాక

అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్కు, షిమానో క్లారిస్ గేర్లు (ముందు 50, 34 పళ్ళ చక్రాలు రెండు, వెనక ఎనిమిది), రిమ్ బ్రేకులు, 25 మి.మీ. టైర్లు. పెడళ్ళు లేకుండా బరువు పదిన్నర కిలోలకు కాస్త తక్కువ. బ్రాండు పేరు కావాలనే రాయట్లేదు. యాభై, అరవై వేల ధరలో దొరికే రోడ్ బైకులు పక్కపక్కన పెడితే రంగు, స్టిక్కర్లు తప్ప పెద్ద తేడా కనబడదు. ఇక్కడ రాసింది దాదాపు వాటన్నిటికీ వర్తిస్తుంది. క్రిటీరియమ్‌లు (చిన్న చుట్టు మీద ల్యాపులు తిరిగే రేసులు), టైమ్ ట్రయల్స్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడేవి), కొన్ని రోడ్ రేసులు దీని మీదే తొక్కాను. శిక్షణ ఎక్కువగా హైదరాబాద్ ఔటర్ పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద, అనంతగిరి వైపు, కొంతకాలం విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు మీద.

తేల్చి చెప్పాలంటే, పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో రేసుల్లోకి దిగేవాళ్ళకి ఈ సైకిల్ సరిపోతుంది. షోరూమ్ నుంచి వచ్చింది వచ్చినట్టు మాత్రం సరిపోదు. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, పెడళ్ళు–బూట్లు, క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ళ చక్రాల గుత్తి) మార్చాలి. ఆ నాలుగూ మార్చాక కార్బన్ చక్రాల జోలికి పోనక్కర్లేదు.

బరువు గురించి అందరూ అడుగుతారు కాబట్టి లెక్క చెప్తాను. తొక్కేవాడు 65 కిలోలు, సైకిల్ పదిన్నర, మొత్తం డెబ్భై అయిదున్నర. ఏడున్నర కిలోల కార్బన్ సైకిలైతే మొత్తంలో తగ్గేది నాలుగు శాతం. ఎత్తు ఎక్కేటప్పుడు అదే బలానికి సమయం కూడా సుమారు అంతే తగ్గుతుంది. అయిదు నిమిషాల ఎక్కుడులో 12 సెకన్లు. గుంపు నుంచి జారిపోవడానికి 12 సెకన్లు చాలు, కాదనను. కానీ ఆ మూడు కిలోలకి ఇంకో లక్షకు పైనే పెట్టాలి, సమతలం మీద గుంపులో వెళ్తున్నప్పుడు ఆ బరువు ఉన్నట్టే తెలియదు. కొత్తవాళ్ళ రేసులు ఎక్కువగా సమతలం మీదే జరుగుతాయి.

అసలు ఇబ్బంది గేర్లలో ఉంది. సైకిల్‌తో వచ్చే క్యాసెట్ 11-32. పళ్ళు 11, 13, 15, 18, 21, 24, 28, 32. కొత్తవాళ్ళు ఎక్కడానికి సులువుగా ఉండాలని కంపెనీలు ఇది వేస్తాయి. గుంపు గంటకు 36 కిలోమీటర్ల మీద నడుస్తోందనుకోండి. 50×15లో (ముందు 50 పళ్ళు, వెనక 15) కాళ్ళు నిమిషానికి 86 సార్లు తిరుగుతాయి. కాస్త ఎదురుగాలి వచ్చి ఒక గేరు తేలిక చేస్తే 50×18, అంటే అదే వేగానికి 103. మధ్యలో ఏమీ లేదు. 86 దగ్గర తొడలు బరువెక్కుతాయి, 103 దగ్గర ఊపిరి అందదు. ముందువాడి చక్రాన్ని పట్టుకుని గంటసేపు ఇలా ఊగిసలాడితే చివరి ల్యాపులో కాళ్ళలో ఏమీ మిగలదు.

దీనికి 12-25 క్యాసెట్ వేసుకోవాలి: 12, 13, 15, 17, 19, 21, 23, 25. అదే 36 మీద 15లో 86, 17లో 97, 19లో 108. పైన 11 పోయిందని బాధపడొద్దు. 50×12 మీద నిమిషానికి 100 తిప్పితే వేగం 52 దాటుతుంది, మొదటి సీజన్ స్ప్రింట్లకి అది బోలెడు. ఘాట్ ఉన్న రేసుకి మాత్రం పాత 11-32 తిరిగి ఎక్కించాలి. 34×25 మీద 70 తిప్పితే గంటకు 12 కిలోమీటర్లు, పది శాతం వాలులో ఆ వేగం కొత్తవాళ్ళు ఎక్కువసేపు నిలపలేరు. మార్చడానికి చైన్ విప్ (క్యాసెట్ తిరగకుండా పట్టే పనిముట్టు), లాక్‌రింగ్ (క్యాసెట్‌ని పట్టి ఉంచే మర రింగు) టూల్ చాలు, పది నిమిషాల పని. లాక్‌రింగ్ బిగువు 40 న్యూటన్ మీటర్లు. వెనక డీరేలర్ (చైన్‌ని ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) బి-స్క్రూ, అంటే క్యాసెట్‌కి దాని దూరం సరిచేసే మర, ఒకటి రెండు చుట్లు వదులు చేస్తే డీరేలర్‌లోని పై చిన్న చక్రం క్యాసెట్ పళ్ళకి దగ్గరగా వచ్చి గేరు చప్పున పడుతుంది. చైన్ పొడవు 32కి సరిపడా ఉంటుంది కాబట్టి 34×12లో వేలాడుతుంది. ఆ గేరు వాడకండి, వాడాల్సిన అవసరమూ రాదు.

షిఫ్టర్లు (హ్యాండిల్ మీది గేరు మీటలు) బాగానే పనిచేస్తున్నాయి. చిన్న పళ్ళ వైపు గేరు బద్ధకంగా పడుతుంటే డీరేలర్‌ని తిప్పే ముందు హుడ్ రబ్బరు (షిఫ్టర్ మీది తొడుగు) వెనక్కి తీసి, కేబుల్ తల దగ్గర పోగులు తెగాయేమో చూడండి. ఇలాంటి షిఫ్టర్లలో కేబుల్ బాగా వంగి తిరిగేది అక్కడే, ఎక్కువగా తెగేదీ అక్కడే. పూర్తిగా తెగితే తల లోపల ఇరుక్కుంటుంది, దాన్ని బయటికి లాగడం ఒక పూట పని. ఏడాదికోసారి కేబుల్ మార్చేస్తే ఖర్చు వందల్లోనే.

చక్రాలు బరువే, కానీ గట్టివి. ఒక్క షరతు ఉంది. మెషీన్ మీద కట్టిన చక్రంలో మొదటి కొన్ని వందల కిలోమీటర్లకి స్పోకుల బిగువు తగ్గుతుంది. అప్పుడు బెండు తీయించి, బిగువు సమం చేయించాలి. వదిలేస్తే వదులైన స్పోకు ప్రతి చుట్టుకీ సడలుతూ బిగుస్తూ హబ్ దగ్గరి వంపులో తెగుతుంది. ముఖ్యంగా వెనక చక్రంలో.

సైకిల్‌తో వచ్చిన టైర్ల గురించి మంచి మాట ఒక్కటే: అరగవు. గట్టి రబ్బరు, వైరు అంచు, తడి మలుపులో నమ్మకం లేదు. మడతపెట్టే రకం మెత్తటి రేసు టైర్లు వేసిన రోజు సైకిలే మారినట్టుంటుంది. బ్రేకు వంపు కింద చోటుంటే 28 మి.మీ. వేయండి, టైరుకీ ఫ్రేముకీ మధ్య నాలుగు మి.మీ. ఖాళీ మిగలాలి. 65 కిలోల వాళ్ళకి 25లో 75–85 పీఎస్‌ఐ, 28లో 65–75 సరిపోతుంది. మన రోడ్ల మీద 110 కొడితే వేగం పెరగదు, టైరు ఎగిరి ఎగిరి పడుతుంది.

పంక్చర్లలో తుమ్మ ముల్లు తేలిక, కంటికి కనబడుతుంది. హైవే పక్కన పేలిన లారీ టైర్ల నుంచి రాలే వెంట్రుకంత ఇనుప తీగ ముక్కలే నరకం. ట్యూబు మార్చి గాలి కొడితే అర కిలోమీటరులో మళ్ళీ దిగిపోతుంది, తీగ టైరులోనే ఉండిపోయింది కాబట్టి. పాత ట్యూబు వాల్వుని టైరు మీది వాల్వు చోటుకి పట్టి, చిల్లు ఎక్కడుందో అక్కడ టైరు లోపల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ పోగు చిక్కుకున్న చోటే తీగ. వేలితో వెతకొద్దు, కోసుకుంటుంది.

బ్రేకులు డిస్కులు కానందుకు ఎక్కడా విచారం లేదు, వానలో తప్ప. సైకిల్‌తో వచ్చిన ప్యాడ్లు తీసేసి రబ్బరు ముక్క విడిగా మార్చుకునే కార్ట్రిడ్జ్ రకం వేయాలి. వానలో తొక్కాక గరగర వినిపిస్తే ప్యాడు బయటికి తీసి చూడండి. రిమ్ నుంచి ఊడిన మెరిసే అల్యూమినియం రవ్వలు రబ్బరులో గుచ్చుకుని ఉంటాయి. సూదితో పెకిలించాలి, లేకపోతే అవే రిమ్‌ని గీస్తూ పోతాయి.

పెడళ్ళు: క్లీటు (బూటు అడుగున ఉండి పెడల్‌లో ఇరుక్కునే ముక్క) మూడు బోల్టులతో బిగించే రోడ్ రకమే తీసుకోండి. షిమానోలో పసుపు క్లీట్లతో మొదలుపెడితే మడమ ఆరు డిగ్రీలు కదులుతుంది, మోకాలికి మంచిది. ఎరుపు అస్సలు కదలదు, కొత్తవాళ్ళకి అనవసరం. పెడల్ స్ప్రింగు పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టాలి. ఎడమ పెడల్ మర అపసవ్యం, గ్రీజు రాయకుండా బిగిస్తే ఊడదీయడం వర్క్‌షాపు వాళ్ళకి కూడా గగనమే.

సీటు ఎత్తుకి మొదటి లెక్క: గోడకి ఆనుకుని కాలి లోపలి పొడవు కొలిచి 0.883తో గుణించండి. 80 సెం.మీ. అయితే 70.6, క్రాంక్ మధ్య నుంచి సీటు పైదాకా. మోకాలు ముందు నొప్పిస్తే సీటు కిందకుంది, వెనక నొప్పిస్తే పైకుంది. రెండు మూడు మి.మీ. చొప్పున మార్చి వారం తొక్కి చూడాలి. మీ కొలత రెండు ఫ్రేమ్ సైజుల మధ్యలో పడితే చిన్న ఫ్రేమే మేలు, పొడుగు స్టెమ్‌తో (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) సరిపెట్టొచ్చు. పెద్ద ఫ్రేముని చిన్నది చేయలేం.

చైన్‌కి ధూళి కంటే ఉప్పు ప్రమాదం. భీమిలి రోడ్డు మీద తొక్కిన సాయంత్రం మంచినీళ్ళతో కడిగి, పొడిగా తుడిచి, లింకుకొక్క చుక్క నూనె వేసి మళ్ళీ పైన తుడిచేయాలి. స్టెమ్ బోల్టులకి కూడా గ్రీజు రాయాలి, అల్యూమినియంలో స్టీలు బోల్టు పట్టేస్తుంది. అరుగుదల, అంటే అరిగి చైన్ సాగడం, 0.75 శాతం రాగానే చైన్ మార్చండి. గేజ్ లేకపోతే స్టీలు స్కేలు పెట్టండి. ఒక పిన్ను మీద సున్నా పెడితే, కొత్త చైన్‌లో పన్నెండు అంగుళాల గీత మీద ఉండాల్సిన పిన్ను అంగుళంలో పదహారో వంతు జరిగితే 0.5 శాతం, ఎనిమిదో వంతు జరిగితే క్యాసెట్ కూడా పోయినట్టే. ఎనిమిది స్పీడ్ చైన్, క్యాసెట్ రెండూ చవక, విద్యార్థికి ఇదే పెద్ద ఊరట.

రేసు రోజు తనిఖీలో నాసిరకం సైకిల్ అని ఎవరూ ఆపరు. హ్యాండిల్ చివర ప్లగ్ ఊడిపోయి ఉంటే ఆపుతారు. గుంపుగా బయల్దేరే రేసులో ఏరోబార్లు (మోచేతులు ఆనించి వంగడానికి హ్యాండిల్ ముందు బిగించే కడ్డీలు) నిషిద్ధం, టైమ్ ట్రయల్ కోసం బిగించినవి ముందురోజే విప్పండి. క్రిటీరియమ్‌లో మొదటి మూడో వంతులో ఉండాలి. మలుపు ముందు తలా కాస్త బ్రేకు వేస్తారు, వెనక్కి పోయేకొద్దీ అది పెరిగి, చివర్లో ఉన్నవాళ్ళు ప్రతి మలుపు తర్వాతా 45 దాకా పరుగెత్తాలి. ఆ అలసటకి ఏ సైకిల్ అయినా ఒకటే. మలుపులో లోపలి పెడల్ పైకి, బ్రేకు మలుపుకి ముందే. రాష్ట్ర, జాతీయ పోటీలకి రాష్ట్ర సంఘం ద్వారా భారత సైక్లింగ్ సమాఖ్య దగ్గర నమోదు కావాలి. వయసు విభాగం పుట్టిన సంవత్సరం ప్రకారం చూస్తారు. ఆ ఏడాది 19 నుంచి 22 నిండేవాళ్ళు అండర్-23.

ఎవరు కొనకూడదంటే, వారానికి రెండు సార్లు ఘాట్ ఎక్కే ఊళ్ళో ఉండేవాళ్ళు, వానల్లో వదలకుండా తొక్కేవాళ్ళు. వాళ్ళకి డిస్కులు, పది పదకొండు గేర్లు ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో వెతకడం మేలు, కార్బన్ ఫ్రేమ్ మాత్రం వద్దు. పెయింటు కింద పగులుందో లేదో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. అల్యూమినియం అయితే సీటు పోస్టు బయటికి లాగి చూపించమనండి. అది లోపల పట్టేసి కదలకపోతే అక్కడితో బేరం ఆపేయొచ్చు.